‘మనవాళ్లేనా?’ అని అడిగే చోట ఉమ్మడి నిధి: రెండేళ్లు వాడిన ఒక విరాళాల యాప్ మీద నా రివ్యూ

ముందే తీర్పు చెప్పేస్తాను, మిగతాది చదివే తీరిక లేనివాళ్లకి అది చాలు. రకరకాల భాషలవాళ్లు, మతాలవాళ్లు కలిసి ఉండే చోట ఒక సహాయ నిధి నడపాలనుకుంటే ఈ యాప్ తీసుకోండి, కానీ ఇన్‌స్టాల్ చేసిన రోజే సెట్టింగ్స్‌లోకి వెళ్లి ‘మీలాంటివారు ఇచ్చినవి’ అనే దాన్ని ఆపెయ్యండి. అయిదుకి మూడున్నర స్టార్లు ఇస్తున్నాను. ఆ ఒక్క ఫీచర్ లేకపోతే నాలుగున్నర ఇచ్చేదాన్ని.

యాప్ పేరు రాయడం లేదు. నాకు దానితో తగాదాలు ఉన్నాయి, పేరు పెట్టి గొడవ చెయ్యడం ఇష్టం లేదు. పైగా ఇలాంటి సర్వీసులు ఇప్పుడు చాలా వచ్చాయి, అన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి: ఒక గ్రూపు పెట్టుకోవడం, అందులో ఎవరికి ఏం అవసరమో పోస్ట్ చెయ్యడం, సభ్యులు తమ వంతు వెయ్యడం, లెక్క అందరికీ కనబడటం. మీరు ఏది ఎంచుకున్నా నేను చెప్పేది కొంతైనా పనికొస్తుంది.

మాది 140 ఇళ్ల సముదాయం. నోటీసు బోర్డు మీద ఒక ప్రకటన అందరికీ అర్థమయ్యేలా పెట్టాలంటే ఏడు భాషల్లో రాయాల్సి వస్తుంది, నేనే కూర్చుని లెక్కపెట్టాను. మతాలు మూడు. సగం మంది సొంత ఇళ్లవాళ్లు, సగం మంది అద్దెకున్నవాళ్లు, వాళ్లలో ఏడాది తిరిగేసరికి చాలామంది మారిపోతుంటారు. ఇక్కడ పనిచేసేవాళ్లకి, చుట్టుపక్కల ఎవరికైనా ఆపద వస్తే సాయం చెయ్యడానికి ఒక నిధి ఉంది, దాని లెక్కలు చూసేది నేను. యాప్ రాకముందు నా దగ్గర ఉన్నది ఒక వాట్సాప్ గ్రూపు, ఒక పొడుగు నోట్‌బుక్, అంతే.

ఆ నోట్‌బుక్ సంగతి చెప్పకుండా ఈ రివ్యూ రాయలేను. రాత్రి కాపలా కాసే ఆయన మెట్ల మీద జారిపడి తుంటి ఎముక విరిగితే చందా వేశాం. దాదాపు అన్ని ఇళ్లవాళ్లూ ఇచ్చారు. తరవాత ఇళ్లల్లో పనిచేసే ఒకావిడ కొడుక్కి చెవి మిషన్ కావాల్సి వస్తే మళ్లీ వేశాం, అప్పుడూ దాదాపు అందరూ ఇచ్చారు. ఒకరోజు లెక్క సరిచూస్తూ రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూశాను. కాపలా ఆయన భాష మాట్లాడే ఇళ్లవాళ్లు ఆయనకి ఎక్కువ ఇచ్చారు, అదే ఇళ్లవాళ్లు ఆ పిల్లాడికి అందులో సగం కూడా ఇవ్వలేదు. అటు పిల్లాడి తల్లి భాషవాళ్లది సరిగ్గా దీనికి తిరగబడిన లెక్క. నాకు చాలా కష్టంగా అనిపించింది, ఎందుకంటే వీళ్లందరూ నాకు తెలుసు, ఒక్కరు కూడా చెడ్డవాళ్లు కారు, ఎవరూ ‘ఇవ్వను’ అని తలుపు వేసుకోలేదు. చెయ్యి మాత్రం ఒకచోట బారుగా చాచి, ఇంకోచోట కాస్త ముడుచుకుంది.

చందాకి తిరుగుతున్నప్పుడు ఒక పెద్దాయన లిఫ్ట్ దగ్గర నన్ను పక్కకి పిలిచి మెల్లగా అడిగారు, “ఆ అబ్బాయి మనవాళ్లేనా అమ్మా?” అని. ఆ మాట విని మొదట నాకు కోపం వచ్చింది. తరవాత ఆలోచిస్తే ఆయన అడిగింది కులమూ కాదు, మతమూ కాదు. ఈ అవసరం నిజమేనా, ఆ కుటుంబం గురించి తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా, డబ్బు ఇచ్చాక ఏమైందో నాకు ఎవరు చెబుతారు, ఇవన్నీ కలిపి ఆ ఒక్క మాటలో అడిగారాయన. తన భాషవాళ్లయితే ఎవరో ఒక చుట్టం ద్వారా, ఒక స్నేహితుడి ద్వారా కబురు తెలుస్తుంది. ముక్కూ మొహం తెలియని కుటుంబం అయితే తెలిసే దారే లేదు.

ఇది మా ఒక్కచోటి సమస్యేమో అనుకుని చదవడం మొదలుపెట్టాను. కాదు. కెనడాలో పదేళ్ల పన్ను రికార్డులు తీసుకుని జేమ్స్ ఆండ్రియోని, ఆయన సహచరులు చేసిన పరిశోధన 2016లో అచ్చయింది. ఒక ప్రాంతంలో జాతుల వైవిధ్యం 10 శాతం పాయింట్లు పెరిగితే విరాళాలు 14 శాతం తగ్గుతున్నాయి, మతాల వైవిధ్యం అంతే పెరిగితే 10 శాతం తగ్గుతున్నాయి అని వాళ్లు తేల్చారు. నాకు అంతకంటే ముఖ్యమనిపించింది దాని పక్కనే ఉన్న ఇంకో వాక్యం: విరాళం ఇచ్చే కుటుంబాల వాటా తగ్గినట్టు ఆధారం దొరకలేదు. అంటే ఇచ్చేవాళ్లు ఇస్తూనే ఉన్నారు, ఇచ్చే మొత్తం తగ్గింది. చదువుతుంటే నా నోట్‌బుక్‌లో రెండు పేజీలే గుర్తొచ్చాయి.

ఇక యాప్ విషయానికి వస్తాను.

దీనిలో నాకు అన్నిటికంటే నచ్చింది డబ్బు బయటికి వెళ్లే పద్ధతి. నిధిలోంచి ఎంత తియ్యాలన్నా ముగ్గురు ఆమోదించాలి, ఆ ముగ్గురినీ గ్రూపే ఎన్నుకుంటుంది, ఎవరు ఎప్పుడు ఆమోదించారో తేదీ, టైముతో సహా సభ్యులందరికీ కనబడుతుంది. మేం కావాలనే మూడు వేరువేరు భాషల ఇళ్ల నుంచి ముగ్గురిని పెట్టుకున్నాం. డబ్బు ఆ కుటుంబం చేతికి కాకుండా నేరుగా ఆసుపత్రికో, సామాను అమ్మినవాళ్లకో వెళ్లేలా పెట్టుకోవచ్చు, బిల్లు ఫోటో ఎక్కించేదాకా ఆ కేసు ‘ముగిసింది’ అని చూపించదు. ఇందులో గొప్ప టెక్నాలజీ ఏమీ లేదు, నోట్‌బుక్‌లోనూ ఇవన్నీ చెయ్యొచ్చు. కానీ నోట్‌బుక్ నా ఇంట్లో ఉండేది, ఇది అందరి జేబులో ఉంది.

చెవి మిషన్ రెండోది కొనాల్సి వచ్చినప్పుడు మొదటిసారి యాప్‌లో వేశాం. కొన్న రోజు సాయంత్రం బిల్లు ఎక్కించాను. మర్నాడు పొద్దున్నే రెండో అంతస్తులో ఉండే రిటైర్డ్ మాస్టారు కిందికి వచ్చారు, చేతిలో ఫోను, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని బిల్లు ఫోటోని రెండు వేళ్లతో పెద్దది చేసి చూస్తున్నారు. మిషన్ సీరియల్ నంబరు చదివారు, డాక్టరు స్టాంపు చూశారు, తేదీ చూశారు, కింద చెల్లించిన మొత్తం దగ్గర వేలు ఆపి, యాప్‌లో చూపించిన మొత్తంతో రెండుసార్లు సరిచూసుకున్నారు. అయ్యాక “సరిపోయిందమ్మా” అని ఒక్క మాట అన్నారు. లిఫ్ట్ దగ్గర ‘మనవాళ్లేనా’ అని అడిగింది ఈయనే. ఆ వారంలోనే నెలనెలా ఇచ్చే పద్ధతిలో చేరారు, ఇప్పటిదాకా ఒక్క నెల కూడా ఆగలేదు, ఆ తరవాత వచ్చిన కేసుల్లో ఒక్కటి కూడా ఆయన భాషవాళ్లది కాదు.

ఉగాండా రాజధాని కంపాలాలో జరిగిన ఒక పరిశోధన ఈ సంగతిని నాకు బాగా అర్థమయ్యేలా చేసింది. హబ్యారిమానా, హంఫ్రీస్, పోస్నర్, వైన్‌స్టీన్ అనే నలుగురు 2007లో దాన్ని ప్రచురించారు. రకరకాల తెగలవాళ్లు కలిసి ఉండే పేటల్లో జనం చేత డబ్బు పంచుకునే ఆటలు ఆడించారు. ఇచ్చేది ఎవరో అవతలివారికి తెలియనప్పుడు, సొంత తెగవాళ్లకని ఎక్కువ, వేరేవాళ్లకని తక్కువ ఇవ్వలేదు. ఇచ్చేది ఎవరో కనబడుతుందని తెలిసినప్పుడు మాత్రం, మామూలుగా తమకే ఎక్కువ ఉంచుకునే రకం మనుషులు సొంత తెగవాళ్ల పట్ల కాస్త ధారాళంగా మారారు. మనసులో పరాయివాళ్ల మీద ద్వేషం ఉందని కాదు, మనవాళ్ల దగ్గర మాట పడాల్సి వస్తుందన్న జంకు, వాళ్లు రేపు మనకి చేస్తారన్న నమ్మకం, రెండూ ఉంటాయి. అవి తెగ దాటి అవతలికి పాకవు. అదే పేటల్లో ఒక మనిషిని వెతికి పట్టుకోమంటే, సొంత తెగ మనిషిని ఎక్కువసార్లు పట్టుకోగలిగారట. నేను చుట్టాల ద్వారా తెలిసే కబురు అన్నది ఇదే.

కాబట్టి ఇలాంటి యాప్ ఏది కొన్నా మొదట చూడాల్సింది రంగులు, బొమ్మలు కాదు. ఒక పరాయి మనిషి ఈ నిధిని నమ్మడానికి కావాల్సినవి ఎన్ని చూపిస్తుందో చూడండి. బిల్లు, ఆమోదం, తేదీ, మిగిలిన మొత్తం, ఆ తరవాత ఆ మనిషి ఎలా ఉన్నాడో ఒక కబురు. ఈ చివరిదానికి ఇందులో ‘అప్‌డేట్’ అని ఒక గడి ఉంది, మూడు నెలలకోసారి నింపమని అదే గుర్తుచేస్తుంది. పిల్లాడు క్లాసులో ముందు బెంచీ నుంచి మూడో బెంచీకి మారాడని వాళ్లమ్మ చెబితే అదే రాశాను, ఫోటో కూడా పెట్టలేదు, దానికి వచ్చినన్ని జవాబులు ఇంతవరకు దేనికీ రాలేదు. అన్నట్టు ఫోటోల విషయంలో ఒక జాగ్రత్త: సాయం తీసుకునేవాళ్ల మొహం పెట్టమని యాప్ పదేపదే అడుగుతుంది, పెడితే ఎక్కువ వస్తుందని కూడా చెబుతుంది. వద్దు. వాళ్లు రేపు మళ్లీ మన మెట్ల మీదే నడవాలి.

భాషలు. ఇక్కడ సగం మార్కులే ఇస్తాను. మా ఏడింట్లో అయిదు భాషలు ఉన్నాయి, మిగతా రెండు భాషలవాళ్లకి పిల్లలు చదివి చెబుతున్నారు. ఉన్న భాషల్లో కూడా తర్జుమా సరిగా చెయ్యలేదు. నెలనెలా ఇస్తానని ఒప్పుకున్నవాళ్లు మర్చిపోతే వెళ్లే గుర్తుచేసే మెసేజ్ మొదట్లో మా భాషలో ఎలా ఉండేదంటే, “మీరు ఈ నెల బాకీ ఉన్నారు” అని. బాకీ! మనసుండి ఇస్తున్నవాళ్లకి అప్పులవాడు వాకిట్లో నిలబడ్డట్టు ఆ మాట. ఒకావిడ నాకు ఫోన్ చేసి కళ్లనీళ్లు పెట్టుకుంది, ఆ నెల ఆమె భర్తకి ఉద్యోగం పోయింది, ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. నేను కస్టమర్ కేర్‌కి రాస్తే నాలుగు నెలలు పట్టింది. ఇప్పుడు “ఈ నెల మీ వంతు ఇంకా చేరలేదు, వీలు కాకపోతే ఇక్కడ నొక్కండి, మళ్లీ అడగం” అని వస్తోంది. మంచి వాక్యమే, కానీ మొదటి రోజు నుంచే ఉండాల్సిన వాక్యం.

ఆ మెసేజ్ మీద ఎంత కోపం వచ్చినా, గుర్తుచేసే పని యాప్ తీసుకోవడం మాత్రం నాకు పెద్ద వరం. పశ్చిమ కెన్యాలోని ప్రాథమిక పాఠశాలల మీద ఎడ్వర్డ్ మిగెల్, మేరీ కే గుగర్టీ చేసిన పని 2005లో వచ్చింది. తెగలు ఎక్కువ కలిసిన చోట బడికి స్థానికంగా వచ్చే డబ్బు తక్కువగా ఉంది. దానికి వాళ్లు చూపిన కారణం, బడి కమిటీ సమావేశాల్లో డబ్బు కట్టని తల్లిదండ్రులని గట్టిగా అడగడం అలాంటి చోట్ల తక్కువ. చదవగానే నా పరిస్థితే అనిపించింది. నా భాషవాళ్ల ఇంటికైతే “ఏంటండీ, ఈ నెల మర్చిపోయారా” అని నవ్వుతూ అడిగేస్తాను. వేరేవాళ్ల ఇంటి గుమ్మం ముందు నిలబడి ఆ మాటే అడగాలంటే నోరు రాదు, ఏమనుకుంటారో, మా వాళ్లని మాత్రమే అడుగుతున్నారు అంటారేమో అని టెన్షన్. అందరూ అలాగే అనుకుంటాం, చివరికి ఎవరూ ఎవరినీ అడగం. అందరికీ ఒకే రోజు, ఒకే మాటతో యాప్ గుర్తుచేస్తే ఆ ఇబ్బంది లేదు.

ఇప్పుడు అసలు తగాదా.

యాప్ తెరవగానే మొదటి పేజీలో ‘మీలాంటివారు ఇచ్చినవి’ అని ఒక వరస వస్తుంది. మా గ్రూపులో ఒకేసారి నాలుగైదు కేసులు నడుస్తుంటాయి, పక్క కాలనీల గ్రూపులతో కూడా కలుపుకున్నాం కాబట్టి ఒక్కోసారి పది దాటుతాయి. ఒకరోజు ఎదురింటి ఆవిడా నేనూ మెట్ల మీద కూర్చుని ఉన్నాం, ఒక ముసలాయనకి కంటి ఆపరేషన్ గురించి మాట్లాడుతుంటే “అదెక్కడ ఉంది, నాకు కనబడలేదే” అంది. ఫోన్లు పక్కపక్కన పెట్టాం. నా తెరమీద మొదటి మూడు కేసులూ నా భాష పేర్లు. ఆమె తెరమీద మొదటి మూడూ ఆమె భాష పేర్లు. కంటి ఆపరేషన్ కోసం ఆమె వేలితో ఎంత దూరం కిందికి జరపాల్సి వచ్చిందంటే, తెలిసి వెతికితే తప్ప ఎవరూ అక్కడిదాకా వెళ్లరు. ఇద్దరం ఒక నిమిషం ఏమీ మాట్లాడుకోలేకపోయాం. ఒకే గోడకి ఇటూ అటూ ఉంటున్నాం, ఒకే నిధికి డబ్బు వేస్తున్నాం, నా ఫోన్లో కనిపించే మనుషులు ఆమె ఫోన్లో లేరు.

ఎందుకు ఇలా చేస్తారో నాకు తెలియక కాదు. మనలాంటివాళ్లని చూస్తే మన చెయ్యి తొందరగా కదులుతుంది. కీవా అనే చిన్న అప్పుల వెబ్‌సైట్‌లో అప్పిచ్చేవాళ్లు ఎవరిని ఎంచుకుంటున్నారో గాలక్, స్మాల్, స్టీఫెన్ అనే ముగ్గురు చూశారు, 2011లో ప్రచురించారు. తమలాగే ఆడవాళ్లో మగవాళ్లో అయినవాళ్లకి, తమ వృత్తే చేసేవాళ్లకి, ఆఖరికి తమ పేరు మొదటి అక్షరమే ఉన్నవాళ్లకి ఇవ్వడం వైపు మొగ్గు కనిపించింది. పేరు మొదటి అక్షరానికే ఇలా ఉంటే భాషకి, మతానికి ఎంత ఉంటుందో ఊహించుకోండి. కంపెనీకి ఈ రోజు ఎక్కువ డబ్బు కదలడం కావాలి, అందుకే మనలాంటివాళ్లని ముందు చూపిస్తుంది. ఈ రోజుకి అంకె పెరుగుతుంది. కానీ ఒక మిశ్రమ సముదాయంలో ఉమ్మడి నిధి పెట్టుకున్నదే ఆ అలవాటుని దాటడానికి కదా. బిల్లుల ఫోటోలతో, మూడు ఆమోదాలతో నెలలు పట్టి కట్టుకున్న నమ్మకాన్ని ఈ ఒక్క వరస మళ్లీ ముక్కలు చేస్తుంది, అదీ ఎవరికీ తెలియకుండా, ఎందుకంటే ఎవరి ఫోన్ వాళ్లే చూసుకుంటారు.

దీన్ని గ్రూపు మొత్తానికి ఒకేసారి ఆపే వీలు అడ్మిన్‌కి లేదు. ప్రతి సభ్యుడూ తన ఫోన్లో మూడు మెనూలు లోపలికి వెళ్లి ఆపుకోవాలి. కమిటీలో ఉన్న కుర్రాడు, నేను రెండు వారాలు సాయంత్రాలు ఇల్లిల్లూ తిరిగి ఆపించాం. కొత్తగా చేరినవాళ్లకి మళ్లీ ఆన్‌లోనే వస్తుంది. ఒక స్టార్ పోయింది దీనికే.

ఆపించాక ఇచ్చే మొత్తాలు మెల్లగా సమానం అవుతూ వచ్చాయి. కానీ అదంతా ఆ మార్పు వల్లేనని గట్టిగా అనలేను, అదే సమయంలో మేం యాప్‌లోని ఇంకో ఫీచర్ వాడటం మొదలుపెట్టాం. ప్రకటనల్లో ఎక్కడా దీని ఊసెత్తరు, మెనూలో కూడా అట్టడుగున ఉంటుంది: ‘సమయం ఇవ్వండి’ అని. డబ్బు బదులు గంటలు ఇస్తానని పేరు రాసుకోవచ్చు, ఆసుపత్రిలో తోడు ఉండటం, పిల్లాడికి చదువు చెప్పడం, కాగితాలు నింపిపెట్టడం. ఒక్కో పనికి ఇద్దరిని జత చేస్తుంది, ఆ జత ఎలా ఉండాలో అడ్మిన్ పెట్టుకోవచ్చు. మేం ఒకే బ్లాకువాళ్లు, ఒకే భాషవాళ్లు ఒక జతలో పడకుండా పెట్టాం.

కంటి ఆపరేషన్ రోజు తోడుగా నాకు జతపడింది నాలుగో బ్లాకులో కొత్తగా అద్దెకి దిగిన ఒక అమ్మాయి. ఆరు గంటలు ఆ వరండాలో ఇనప కుర్చీల మీద కూర్చున్నాం. మొదటి గంట ఇద్దరం ఫోన్లే చూసుకున్నాం, మాకు ఉమ్మడిగా వచ్చిన భాష అంతంతమాత్రం. తరవాత నర్సు వచ్చి ఒక ఫారం మీద సంతకం అడిగితే, ముసలాయన పేరు ఎలా రాయాలో ఇద్దరం కలిసి ఆయన పాత చీటీలన్నీ ముందేసుకుని వెతికాం, మూడు చోట్ల మూడు రకాలుగా ఉంది. ఆ పేరు తేలేసరికి మా ఇద్దరికీ మాటలు కలిశాయి. ఆ అమ్మాయి ఇప్పుడు మా ఆమోదించే ముగ్గురిలో ఒకరు. మనుషులు కలిసి మెలిగితే పరాయివాళ్ల మీద అపోహలు తగ్గుతాయా అన్న ప్రశ్న మీద పెటిగ్రూ, ట్రాప్ అనే ఇద్దరు 515 అధ్యయనాలను ఒకచోట చేర్చి 2006లో ప్రచురించారు, మొత్తం మీద తగ్గుతాయనే తేలింది. సమాన హోదాలో, ఒకే పని మీద కలిస్తే ఇంకా బాగా తగ్గుతాయి. ఇనప కుర్చీల మీద ఇద్దరం సమానమే, నడ్డి ఇద్దరికీ ఒకేలా నొప్పెట్టింది.

రకరకాల జనం ఉన్నచోట దానగుణం తక్కువ అని ఎవరైనా తేల్చిపారేస్తే నాకు ఊరుకోబుద్ధి కాదు. ఆ మాటకి ఎక్కువమంది ఎత్తిచూపేది అమెరికా పరిశోధకుడు రాబర్ట్ పుట్నామ్ 2007లో రాసింది. 41 ప్రాంతాల్లో దాదాపు 30,000 మందిని అడిగిన సర్వే అది, వైవిధ్యం ఎక్కువ ఉన్నచోట జనం సొంతవాళ్లని కూడా తక్కువ నమ్ముతున్నారని, తాబేలు తల లోపలికి లాక్కున్నట్టు ఎవరి గూట్లో వాళ్లు ఉండిపోతున్నారని, విరాళాలూ సేవా తక్కువని ఆయన రాశారు. ఇది మారలేనిదని మాత్రం ఆయన అనలేదు, కాలం గడిచేకొద్దీ అందరినీ కలుపుకునే కొత్త ‘మనం’ తయారవుతుందనే చెప్పారు. తరవాత 2015లో అబాస్కల్, బాల్దసారి అదే సర్వేని మళ్లీ తిరగేసి, తేడాల్లో చాలాభాగం అక్కడ ఎవరు ఉంటున్నారు, వాళ్ల ఆర్థిక స్థితి ఏమిటి, ఎంతకాలం నుంచి ఉంటున్నారు అన్నదాని వల్లేనని వాదించారు. నా నోట్‌బుక్‌ని ఈ కళ్లతో మళ్లీ చూశాను. అన్నిటికంటే తక్కువ ఇచ్చిన ఇళ్లకి భాషతో సంబంధం లేదు, వాళ్లు దిగి ఆరు నెలలు కూడా కానివాళ్లు. ఎవరికి ఇస్తున్నారో, ఎవరు అడుగుతున్నారో తెలియదు పాపం. ఈ యాప్‌లో కొత్తవాళ్లని చేర్చుకునే పద్ధతి చాలా బలహీనం, ఒక లింకు వస్తుంది, నొక్కగానే డబ్బు అడుగుతుంది. మేం ఇప్పుడు కొత్తవాళ్లని మొదటి రెండు నెలలు డబ్బు అడగం, గంటలే అడుగుతాం.

ఆపద కళ్లెదుట ఉన్నప్పుడు కథ వేరేగా ఉంటుందని చూపించిన పరిశోధన కూడా ఉంది. 2013లో బోస్టన్ మారథాన్‌లో బాంబులు పేలినప్పుడు, చిక్కుకుపోయినవాళ్లకి సాయం చేస్తామని ముందుకొచ్చినవాళ్లు ఎక్కువ జాతులు కలిసి ఉండే ప్రాంతాల్లోనే ఎక్కువ. నాయ్, ఆయన సహచరులు 2018లో రాశారు. అలాంటి చోట ఉండేవాళ్లు తమని మొత్తం మనుషుల్లో ఒకరిగా చూసుకోవడం ఎక్కువట. ఇండోనేషియా సంగతీ అంతే, వందల భాషలున్న దేశం, ప్రపంచ దాతృత్వ సూచీలో 2024 దాకా ఏళ్ల తరబడి మొదటి స్థానంలో నిలిచింది. ఆ సూచీ అడిగినవి మూడే: డబ్బు ఇచ్చారా, సమయం ఇచ్చారా, తెలియనివాళ్లకి సాయం చేశారా. మన యాప్ మూడోదాన్ని లెక్కపెట్టలేదు, అది ఏ యాప్ వల్లా కాదు. మొదటి రెండూ పక్కపక్కన చూపిస్తే మాత్రం మంచిది, ఇప్పుడు గంటలని వేరే పేజీలో దాచింది.

చిన్న చిన్నవి త్వరగా చెప్పేస్తాను. ‘ఎక్కువ ఇచ్చినవారు’ జాబితా ఆపెయ్యండి, ఉడతాభక్తిగా ఇచ్చేవాళ్లు అది చూసి వెనక్కి తగ్గుతారు, మా దగ్గర ఇద్దరు తగ్గారు. ఇచ్చేటప్పుడు కంపెనీకి టిప్ అని ఒక గీత ముందే సగందాకా జరిపి పెట్టి ఉంటుంది, వెనక్కి జరపొచ్చు, పెద్దవాళ్లకి ఆ సంగతి చెప్పాలి. నిధి పేరు అందరిదీ అయ్యేలా పెట్టుకోండి, మాది పాత పేరు ఒక భాషవాళ్లకే అర్థమయ్యేది, మార్చాక ‘మీ నిధి’ అనేవాళ్లు ‘మన నిధి’ అనడం నా చెవులతో విన్నాను. సర్వర్ నెలాఖరున మొరాయిస్తుంది. కస్టమర్ కేర్‌లో మాట్లాడేవాళ్లు మర్యాదగానే మాట్లాడతారు, పని మాత్రం నెలల మీద అవుతుంది.

అందరూ ఒకే కుటుంబం, ఒకే ఊరివాళ్లు అయిన గ్రూపుకి ఇది అక్కర్లేదు, మీకు వాట్సాప్ చాలు, ఒకరినొకరు అడగగలరు. యాభై ఇళ్లు దాటి, పక్కింటివాళ్ల పేరు తెలియని చోట అయితే తీసుకోండి. మొదటి నెల డబ్బు పోగు చెయ్యడం మీద కాకుండా, ఒక చిన్న కేసు తీసుకుని మొదటి నుంచి చివరిదాకా బిల్లుతో సహా చూపించడం మీద పెట్టండి.

అడ్మిన్ చేతిలో ఒకే ఒక్క మీట, గ్రూపు మొత్తానికి ‘మీలాంటివారు’ ఆపేది, అది పెట్టమని రెండుసార్లు రాశాను. రెండోసారి ఆ రెండు ఫోన్ల ఫోటో కూడా జతచేశాను, ఎదురింటి ఆవిడ అనుమతి తీసుకునే. ‘పరిశీలిస్తున్నాం’ అని జవాబు వచ్చి మూడు నెలలైంది. పెట్టిన రోజు ఇక్కడికే వచ్చి స్టార్లు మారుస్తాను.